సోని పేరున వేసిన ఆకు

“ఏసిన సెయ్యి తియ్యకూడదు. అది నాను పెట్టిన రూలు కాదు,” అంది అచ్చియమ్మ, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని.

“తియ్యకూడదని తెలిసినదానివి ఎయ్యకుండా ఉండాల్సింది అత్తా,” అంది కనక. పొద్దున్నుంచి ఈ మాటే రకరకాలుగా అంటోంది.

“నోరు జారింది.”

“నోరు జారితే మాట జారతాది. ఆకు, అన్నం, పప్పు కూడా జారతాయేటి?”

గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న కనక కొడుకు కామేష్‌కి నవ్వొచ్చింది. తల్లి చూసిన చూపుకి గ్లాసులో మొహం పెట్టుకున్నాడు.

ముందు రోజు ఆ ఇంట్లో కంది కొత్త. కొత్త కందులు ఇంటికి వచ్చాక ఆ పప్పు మొదట పోయినవాళ్లకు పెట్టాలి, ఆ తరవాతే బతికున్నవాళ్లు ముట్టుకోవాలి. పొయ్యి వెనక మూల అలికి, ఇంట్లో పెద్దావిడ అడ్డాకులు వరసగా వేస్తుంది. ఒక్కో ఆకుకి ఒక్కో పేరు. పేరు పెట్టి పిలిచి, అన్నం పెట్టి, పైన పప్పు పోస్తుంది. ఆ రాత్రికి ఆకులు పోయినవాళ్లవి. పొద్దున్నే ఇంట్లోవాళ్లు తలో ఆకు తింటారు. తిన్నాక పోయినవాళ్లు ఏడాదిపాటు ఊరుకుంటారు. పిలవడాలు, దూలాల మీద నడవడాలు ఉండవు. కనక కాపరానికి వచ్చిన కొత్తలో, అంతకుముందే పోయిన మావగారి దగ్గు వసారాలో వినపడేది. ఆ ఏడు కంది కొత్తకి ఆయన ఆకు కనకే తింది. మర్నాటి నుంచి దగ్గు లేదు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఇల్లు అలకడం, నీళ్లు తేవడం లాగే అదీ ఇంటి పనుల్లో ఒకటి.

నిన్న అచ్చియమ్మ మొగుడి పేరు పిలిచింది, మరిది పేరు పిలిచింది, కామేష్‌కి ముందు పుట్టి పోయిన పసివాణ్ణి పిలిచింది. ఆ గొంతుతోనే, ఆ వరసలోనే, “సోనీ, రాయమ్మా, తిను,” అని ఇంకో ఆకు వేసింది. కనక పొయ్యి ఊదుతోంది. తలెత్తేసరికి పప్పు కూడా పోసేసింది.

సోని కనక కూతురు. బతికే ఉంది. కెనడాలో విమానం నడపడం నేర్చుకుని, అక్కడే ఉద్యోగం వెతుక్కుంటోంది.

పొద్దున మిగతా ఆకులన్నీ తిన్నారు. అదొక్కటీ అలాగే ఉంది.

“ఇటివ్వండి, గెడ్డ నీళ్లలో వదిలేత్తాను,” అన్నాడు కనక భర్త భీముడు.

“బతికున్న గుంట పేరు గెడ్డలో కలిపేత్తావా?” అంది అచ్చియమ్మ. భీముడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నా మట్టుకు నాకు ఇయ్యేవీ నమ్మకం నేదు,” అంది కామేష్ పెళ్లాం రత్న. ఆమెది అనంతగిరి వైపు చర్చికి వెళ్లే కుటుంబం. “తీసి పొయ్యిలో పెట్టేసి, ప్రార్థన సేసుకుంటే సరి.”

“అయితే తియ్యి,” అంది కనక.

రత్న కొంగు నడుముకి దోపుకుని మూల దాకా వెళ్లింది. వంగింది. వంగినది అలాగే కాసేపు ఉండి, ఏదో గుర్తొచ్చినట్టు, “పాలు పొంగుతన్నాయేమో సూడాల,” అని వెనక్కి వచ్చేసింది. ఇంట్లో ఉన్న పాలు టీలకే అయిపోయాయి.

కామేష్ పెరటి తలుపు తీసి కోళ్లను లోపలికి తోలాడు. “ఆటికేటి తెలుసు పేర్లు,” అన్నాడు. బల్లి తోకను కూడా వదలని ఎర్రపెట్ట పొయ్యి వెనక్కి పరుగెత్తింది. ఆకు ముందు ఆగి, తల ఒక పక్కకి వంచి, ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టు నిలబడింది. తరవాత మెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి పోయింది. మిగతా కోళ్లు గుమ్మం దాటనే లేదు.

“సోనికి సెప్పకండి,” అంది కనక. ఆ ఒక్క విషయంలో అందరూ ఒప్పుకున్నారు.

సోని గురుకులంలో చదివి, గవర్నమెంటు విదేశీ చదువుల సాయంతో కెనడా వెళ్లింది. లైసెన్సు వస్తే విమానం చేతికిస్తారనుకున్నారు ఇంట్లో. అలా కాదని సోని చెప్పగా చెప్పగా కనకకి కొంత అర్థమైంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి పెద్ద కంపెనీలు పని ఇవ్వవు. ముందు ఏదైనా ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టరుగా చేరి, ఇంకొకళ్లకి నేర్పుతూ గాల్లో గంటలు పోగుచేసుకోవాలి. పరాయి దేశం పిల్ల కాబట్టి అందుకు వర్క్ పర్మిట్ కావాలి. పని ఇస్తామని ఏదో ఒక స్కూలు కాగితం ఇస్తేనే పర్మిట్. పర్మిట్ ఉందా అని అడిగి, లేదంటే ఏ స్కూలూ ఆ కాగితం ఇవ్వదు.

“అదేటే,” అంది కనక మొదటిసారి విన్నప్పుడు. “మీ వదినకి ఆధార్ నేదని రేషను కార్డు ఇవ్వక, కార్డు నేదని ఆధార్ ఇవ్వక తిప్పినట్టు.”

“అదేనమ్మా,” అని సోని నవ్వింది. “వదిన కూకోడానికి ఆఫీసు ముందు అరుగన్నా ఉంది. ఇక్కడ అదీ నేదు. అంతా ఈమెయిలే.”

చదువు వీసా ఫిబ్రవరి ఆఖరుకి అయిపోతుంది. అప్పటికి ఆ కాగితం రాకపోతే సోని తిరిగి వచ్చేయాలి. వస్తే అక్కడి లైసెన్సు ఇక్కడ నేరుగా పనికిరాదు. మళ్లీ పరీక్షలు, మళ్లీ విమానం ఎక్కి గంటలు. ఆ సాయం రెండోసారి ఎవరూ చెయ్యరు.

ఆ దేశంలో ఉన్న స్కూళ్లన్నిటికీ రాసింది. జవాబులు రాలేదు. చివరికి ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఒక చిన్న ఊరి నుంచి కబురు వచ్చింది. అక్కడి స్కూలు నడిపే ముసలాయన పక్కన కూర్చుని సోని నేర్పే పద్ధతి చూస్తాడు. నచ్చితే కాగితం ఇస్తాడు. సోని సామాను కట్టుకుని ఆ ఊరు వెళ్లి, ఒక ముసలావిడ ఇంట్లో కింది గది అద్దెకు తీసుకుంది. ఇక్కడ కంది కొత్త జరిగింది ఆ వారంలోనే.

కాఫీ పళ్ల కాలం అది. వెలుగు రాగానే కనక బుట్ట తీసుకుని కొండవాలు తోటకి వెళ్తుంది. ఆ వేళకి మంచు ఇంకా లేవదు. సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్లు కనపడతాయి, పైన ఏమీ ఉండదు. పక్క తోటలో పళ్లు కోసేవాళ్లు మాటలుగానే ఉంటారు, మనుషులుగా కాదు.

ఆకు గొడవ జరిగిన మర్నాడు అలా మంచులో పళ్లు కోస్తుంటే, కనక తల మీద నుంచి సోని మాట్లాడింది.

మొదట ఫోను అనుకుంది. ఫోను ఇంట్లో ఉంది. తోటలో సిగ్నలు కూడా ఉండదు. మాట మళ్లీ వచ్చింది. మిరియాల తీగలు పాకి పాకి మంచులో కలిసిపోయిన చోటు నుంచి. ఇంగ్లీషు. తొందరలేని, ఒక్కో ముక్కా విడదీసి పలికే ఇంగ్లీషు. ఇంట్లో సోని అలా మాట్లాడదు. గొంతు మాత్రం దానిదే. చలికి కొంచెం బొంగురుపోయే ఆ గొంతుని కనక ఎక్కడైనా పోల్చుకోగలదు.

కొండల్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదని కనకకి తెలుసు. కానీ ఈ గొంతు ఎవరి పేరూ పిలవలేదు. ఏదో చెప్పి, ఆగి, ఎదురుచూసింది. మళ్లీ అదే చెప్పి, ఎదురుచూసింది. పాఠం అప్పచెబుతున్న పిల్ల, తల్లి వింటోందో లేదో అని మధ్యలో ఆగినట్టు.

“ఊఁ,” అంది కనక.

మంచులో ఏదో సర్దుకుని కూర్చున్నట్టయింది. గొంతు ఇంకొంచెం కిందికి, దగ్గరికి వచ్చింది.

బుట్ట సగం కూడా నిండకుండానే ఇంటికి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లంలో ఫోను బాగా పలుకుతుంది. ఇక్కడ పొద్దెక్కే వేళ అక్కడ సాయంత్రం గడిచి ఉంటుంది. ఆ రోజు సోని వీడియోలో వచ్చేసరికి భీముడు, కనక గింజలు తిరగేస్తున్నారు. గదిలో ఉండి కూడా సోని టోపీ తియ్యలేదు.

“మొదటి టెస్టు బాగా అవనేదమ్మా. రేడియో పని సెయ్యనేదు.”

“పాటలు ఎట్టుకుని నడుపుతారేటే?” అన్నాడు భీముడు.

“పాటలు కాదు నాన్నా. కింద టవరోళ్లతో మాటాడాల గదా. నాను మాటాడితే ఆళ్లకి వట్టి గాలి ఇనపడతందంట. బటను నొక్కినట్టు తెలుస్తంది, మాట మాత్రం నేదు. హెడ్‌సెట్ మార్సినాం. అదే దాంట్లో సారు మాటాడితే గంట కొట్టినట్టు పోతంది. దిగినాక ఇప్పి సూత్తే అంతా బాగానే ఉంది.”

“ఏటి మాటాడినావు?” అంది కనక. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

“ఏటుంటాది. విమానం పేరులో అచ్చరానికో మాట సెప్పి, ఎక్కడున్నానో సెప్పి...”

“రోమియో అనా?”

సోని కదలలేదు. బొమ్మ ఆగిపోయిందనుకున్నాడు భీముడు. వెనక గోడ మీద గడియారం ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంది.

“రోమియో, టాంగో, నవంబరు,” అంది కనక. “జనవరిలో నవంబరేటా అనుకున్నాను.”

“అమ్మా. ఆ పేరు నీకెలా తెలుసు? ఆ విమానం నాను ఇయ్యాలే ఎక్కినాను.”

“నువ్వే సెప్పినావు, మొన్న.”

“మొన్నటికి నాకే తెల్దు.”

“ఎక్కడో ఇన్నానులే. అన్నం తిన్నావేటి?”

ఆ తరవాత కనక రోజూ అందరికంటే ముందు లేచి తోటకి వెళ్లడం మొదలుపెట్టింది. సాయం వస్తానన్న రత్నకి ఇంట్లో ఏదో ఒక పని అప్పగించేది. అక్కడి పగలంతా సోని మాట్లాడినది ఇక్కడ తెల్లారి మంచులో వచ్చేది. ఇన్నాళ్లూ కూతురంటే అరచేతిలో పట్టే అద్దం, అందులో ఆగి ఆగి కదిలే మొహం. ఇప్పుడు తల మీద, పని చేసుకుంటుంటే, పక్కింటి మనిషి మాట్లాడినంత దగ్గరగా. ఒక్క ముక్క అర్థం కాదు. కాకపోయినా కనకకి లోటనిపించలేదు. సోని ఆగిన చోటల్లా “ఊఁ” అనేది. ఒకరోజు చెప్పేది చెబుతూనే సోని తుమ్మింది. “నూరేళ్లు,” అని కనక నవ్వుకుంది.

“అత్త ఈ మద్దెన కులాసాగా ఉంది,” అంది రత్న కామేష్‌తో. అది నిజమే. కనకకి ఆకలి కూడా బాగా వేస్తోంది.

మూలన ఆకు పచ్చగానే ఉంది. అన్నం ఎండలేదు, చీమ పట్టలేదు, పప్పు వాసన రాలేదు. పొద్దున్నే పొయ్యి ముట్టించకముందు చూస్తే దాని మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తున్నట్టు ఉండేది. మంచే అయి ఉంటుందని కనక సర్దిచెప్పుకునేది, ఇంట్లోకి కూడా మంచు వస్తుంది గదా. రత్న మాత్రం గ్యాసు పొయ్యి ముందు గదిలోకి మార్పించి వంట అక్కడే చేస్తోంది. వంటింట్లోకి వెళ్లేది అచ్చియమ్మ, కనక, ఇద్దరే.

ఫోనులో చూసినప్పుడల్లా సోని ఇంకాస్త పలచబడినట్టు ఉండేది. నవ్వుతూనే చెప్పేది. షాపుల దగ్గర మనిషిని చూసి వాటంతట అవే తెరుచుకునే తలుపులు తనకి తెరుచుకోవడం లేదట. వెనక ఇంకెవరైనా వచ్చేదాకా చలిలో నిలబడాల్సి వస్తోందట. వంటగదిలో తాను స్టవ్ ముందు నిలబడి ఉండగానే ఇంటి ముసలావిడ లైటు ఆర్పేసి, తలుపు గడియ పెట్టుకుని వెళ్లిపోయిందట.

“సూడలేదేమో,” అన్నాడు భీముడు.

“నా మొహంలోకే సూసింది నాన్నా. సూసే ఆర్పింది.”

రెండో టెస్టు, టవరుకి సోని మాట అందక, గాల్లోకి లేవకుండానే అయిపోయింది. ముసలి సారు విసుక్కోలేదు. నేర్చుకునేవాడి చేతిలో విమానం ఉంటుంది, నేర్పేవాడి చేతిలో గొంతు ఒక్కటే ఉంటుంది, అది అందకపోతే ఇద్దరూ పోతారు అన్నాడు. ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఆ తరవాత చూడడు.

ఈ సంగతి విన్న రోజు అచ్చియమ్మ కనకని అడక్కుండానే దిసారి మంగరాజుకి కబురు పంపింది. పండగలకి రోజులు చూసేది, ఇలాంటి చిక్కులు విప్పేది ఆయనే. మామూలు రోజుల్లో అనంతగిరి రోడ్డు మీద టూరిస్టులకి బొంగు చికెన్ కాల్చి అమ్ముతాడు. బండి మీద పొగ వాసనతో వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి దూరం నుంచే ఆకుని చూశాడు. ఇంట్లోవాళ్లంతా ఆయన వెనక నిలబడ్డారు.

“ఇది ఎవరికి ఇనపడతంది?” అన్నాడు.

“ఆకు ఇనపడడమేటి మావా?” అన్నాడు కామేష్.

“ఆకు కాదురా. పేరెట్టి పిలిసి అన్నం ఎట్టినారు. పిలిసినాక రాకుండా ఉంటారేటి? మనిషి రాలేనంత దూరంలో ఉంటే, మనిషిలో ఏది తేలికో అది వస్తాది. మాట తేలిక.” ఒక్కొక్కరి మొహమే చూశాడు. “వచ్చినా ఒక్క పూటుండి ఎళ్లిపోవాల. ఎవరో పలుకుతన్నారు. పలకబట్టే ఉంది.”

కనక గ్లాసులో టీ పోసి ఆయన చేతికి ఇచ్చింది. “మా ఇంట్లో ఎవరికీ ఏటీ ఇనపడనేదు బాబు,” అంది.

మంగరాజు టీ ఊదుకుని తాగాడు. “ఇనపడినోళ్లే ఆకు తినాల. ఇంకోళ్లు తింటే కడుపు నిండడం తప్ప ఏటీ అవదు. తింటే మరి ఇనపడదు.”

“అంతేనా?” అన్నాడు భీముడు.

“పోయినోళ్లకైతే అంతే. బతికున్నదానికి ఏసినోళ్లని నాను సూడనేదు. తిన్నోళ్లకి దాని మాట మరెప్పుడూ ఇనపడదు. ఆళ్లొక్కళ్లకే. మిగతా లోకానికంతా ఇనపడతాది.”

“ఫోనులో?” అంది రత్న.

“ఫోనులో మాట మాట కాదేటి గుంటా?” ఆయన జేబులో ఫోను మోగింది. ఎత్తి, “ఆఁ సార్, ఇద్దరికి ఒక బొంగు సాల్తాది సార్, అరగంట,” అని పెట్టేశాడు. “ఇదంతా ఎందుకు. ఆ గుంటనే రమ్మనండి. వచ్చి తన ఆకు తను తినేత్తే ఏ గొడవా నేదు.”

ఆయన వెళ్లిపోయాక ఇల్లు తేలికపడింది. “రమ్మనేద్దాం,” అన్నాడు భీముడు. “ఉద్యోగం లేకపోతే పోనీ. గుంట ఇంటికొస్తాది.” కనకకి లోపల ఎక్కడో దీపం వెలిగించినట్టయింది. అది మొహంలో కనపడకుండా గ్లాసులు కడగడానికి పెరట్లోకి వెళ్లింది.

మర్నాడు మంచు బాగా దట్టంగా ఉంది. చేతిలో పండు కంటికి కనపడటం లేదు. కనక తడిమి కోస్తూ ఎదురుచూసింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత గొంతు వచ్చింది. ఈసారి తెలుగులో.

“నా మాట ఎవరికన్నా ఇనపడతందా?”

కనక నాలుక మీద “ఊఁ” సిద్ధంగా ఉంది.

“నా మాట ఇనపడతంటే ఎవరన్నా పలకండి.”

ఆ ‘ఎవరన్నా’ దగ్గర కనక ఆగిపోయింది. ఇన్నాళ్లూ సోని ఆగి ఎదురుచూసినప్పుడల్లా ఆ ఖాళీ తనదే అనుకుంది. అది వేరెవరిదో. ఎక్కడో మంచు దేశంలో, గాజు గదిలో కూర్చుని, చెవికి ఏదో పెట్టుకుని వినాల్సిన మనిషిది. ఆ మనిషి పలకాల్సిన చోట రోజూ తాను పలికింది. పిల్ల మాటని దారిలోనే అందుకుని బుట్టలో వేసుకుంది.

నోరు గట్టిగా మూసుకుంది.

గొంతు మళ్లీ అడిగింది. మళ్లీ అడిగింది. కొంచెం కొంచెంగా దాంట్లో సోని తక్కువై, అడగడం ఒక్కటే మిగిలింది. తరవాత అది కనక తల మీద నుంచి కదిలింది. చెట్ల వరసల మధ్య, మనిషి నడిచే వేగంతో, కొండ దిగి ఇంటి వైపు వెళ్లింది. దారిలో ఉన్న పిట్టలు ఒక్కొక్కటే ఊరుకుంటూ పోయాయి, అలా ఎక్కడి దాకా వెళ్లిందో తెలిసింది.

కనక బుట్ట వదిలేసి వెనకే వచ్చింది. వంటింట్లో పొయ్యి ముట్టించలేదు. మూలన ఆకు మీద ఆవిరి లేస్తోంది. ఇప్పుడే వార్చిన అన్నం మీద లేచినట్టు, దాచుకోకుండా. దానికి ఎదురుగా అచ్చియమ్మ గొంతుక్కూర్చుని ఉంది.

“పలికింది నువ్వే గదా,” అంది, తల తిప్పకుండా.

“ఊఁ,” అంది కనక.

ముసలావిడ పక్కకి కాస్త జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఆకుని చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి అచ్చియమ్మే, “కావాలని పిలవనేదే. అన్నం ఎట్టేటప్పుడు దాని పేరు పిలవడం నోటికి అలవాటు,” అంది.

ఆ పొద్దున సోని ఫోను చేసినప్పుడు కళ్లంలో కనక ఒక్కతే ఉంది. టోపీ కింద సోని మొహం చిన్నదైపోయింది.

“ఇప్పుడు హెడ్‌సెట్‌లో నా గొంతు నాకే ఇనపడట్లేదమ్మా. ఇయ్యాల ప్రాక్టీసులో ఒక్కదాన్నే గదా అని తెలుగులో కూడా అరిసినాను. నోరు కదులుతంది, లోపల నిశ్శబ్దం.” చెయ్యి మొహం మీదుగా తుడుచుకుంది. “రేపు ఆఖరి టెస్టు. వద్దనిపిస్తంది. వచ్చేత్తాను. నువ్వు రమ్మంటే ఈ వారమే బయల్దేరతాను. రమ్మనమ్మా.”

ఒక్క మాట. అంటే చాలు. విమానం దిగి, అరకు బస్సెక్కి, ఈ కళ్లంలోకి నడిచి వస్తుంది. వచ్చి తన ఆకు తను తింటుంది. ఆ తరవాత రోజూ ఈ గొంతు ఇంట్లోనే.

“నీకు రావాలనుందేటి?” అంది కనక.

సోని టోపీ అంచు కిందికి లాక్కుంది.

“నేదు,” అంది. “భయంగా ఉంది. అంతే. రావాలని నేదు.”

కనక గింజల మీద కూర్చుండిపోయింది. పొద్దు మంచులోంచి తెల్లగా, వేడి లేకుండా పైకి వస్తోంది.

“అయితే రేపు టెస్టుకెళ్లు. ఇప్పుడు ఏదో ఒకటి సెప్పు.”

“ఏటి సెప్పను?”

“ఏదన్నా. ఛార్జింగు అయిపోయేదాకా సెప్పు.”

సోని విచిత్రంగా చూసింది, కానీ చెప్పింది. ఆ ఊళ్లో పొద్దున్నే విమానం చలికి మొరాయిస్తుందట, అందుకని రాత్రి దాని ముక్కుకి దుప్పటి కప్పుతారట. కోడిపెట్ట మీద గంప మూసినట్టు ఉంటుందట. ఇంటి ముసలావిడకి ఒక పిల్లి ఉందట, ఆవిడకి తాను కనపడకపోయినా ఆ పిల్లి మాత్రం తన మంచం కిందే పడుకుంటోందట. మంచు మీద నడిస్తే కొత్త కందులు నమిలినట్టు చప్పుడొస్తుందట. పై నుంచి చూస్తే చెరువులన్నీ గడ్డకట్టి, ఎవరో అరిటాకుల మీద పెరుగు పోసి మర్చిపోయినట్టు ఉంటాయట. కనక ఒక్కో మాటా వింది. మాట ఎక్కడ బొంగురుపోతోందో, ఎక్కడ గాలి పీల్చుకుంటోందో, అది కూడా వింది. ఒక్కసారి కూడా ఊఁ అనలేదు.

“ఇంటన్నావా అమ్మా?” అంది సోని మధ్యలో.

కనక తలూపింది.

ఛార్జింగు అయిపోయి ఫోను ఆరిపోయాక, ఆ నల్లటి అద్దాన్ని కొంగుతో తుడిచి ఇంట్లోకి వచ్చింది.

మధ్యాహ్నం ముందు గదిలో అందరూ భోజనాలకి కూర్చున్నారు. అచ్చియమ్మ గోడకి చేరగిలబడింది. భీముడు, కామేష్ ఎదురెదురుగా. రత్న వడ్డిస్తానంటే వద్దని కూర్చోబెట్టి, కనకే అందరికీ అన్నం పెట్టి, పప్పు పోసింది. తను కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. సోని ఫోను చేసిందా అని భీముడు అడిగాడు. చేసిందని చెప్పింది. రమ్మన్నావా అని అడిగాడు.

“నేదు,” అంది కనక. అన్నం కలుపుకుంటూ, ఉప్పు చాల్లేదన్నట్టు మామూలుగా చెప్పింది. “ఇనపడేది నాకే. సాయంత్రం ఆ ఆకు నాను తింటాను. దాన్ని ఎవరూ రమ్మనకండి. ఇకమీద సోని ఫోను సేత్తే మీరెవరో ఒకళ్లు మాటాడండి. నాను పక్కన కూకుని సూత్తాను. అది ఏటన్నాదో మీరు నాకు సెప్పాల. ఒక్క మాట కూడా మింగకుండా సెప్పాల.”